పిల్లల వాచకం, పరాయి దేశపు సొమ్ము

ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలకు చదవడం నేర్పేందుకు విదేశాలు ఇచ్చే సాయం గురించి ఈ శీర్షికకు ఇటీవల పలువురు పాఠకులు రాశారు. ఒకే విషయాన్ని వేర్వేరు వైపుల నుంచి అడిగిన ప్రశ్నలు కాబట్టి, వాటిని ఒకచోట చేర్చి ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: అమెరికా ప్రభుత్వం తన విదేశీ సహాయ సంస్థను మూసివేయడంతో కొన్ని దేశాల్లో చిన్నపిల్లలకు చదవడం నేర్పే కార్యక్రమాలు ఆగిపోయాయని పత్రికల్లో చదివాను. మందులకో, కరువు సాయానికో విదేశీ డబ్బు వెళ్తుందంటే అర్థమవుతుంది. ఒకటో తరగతి పిల్లవాడు వాచకం చదవడానికి వాషింగ్టన్ డబ్బుతో పనేమిటి? ఆ డబ్బు తరగతి గదిలోకి ఏ రూపంలో వస్తుంది?
– ఒక ప్రాథమికోపాధ్యాయురాలు, నల్గొండ జిల్లా

జవాబు: చాలాకాలం ఆ డబ్బు తరగతి గది గుమ్మం దాటి లోపలికి రాలేదు కాబట్టి మీ సందేహంలో న్యాయముంది. గదులు కట్టించడం, పిల్లలను బడిలో చేర్పించడం, ఎంతమంది ప్రాథమిక విద్య పూర్తిచేశారో లెక్క చెప్పడం వరకే విదేశీ సాయం సాగేది. 2000లో ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న సహస్రాబ్ది లక్ష్యాల్లో కూడా ప్రాథమిక విద్యకు ప్రధానమైన కొలత అదే. పిల్లలు బడికి రావడమైతే వచ్చారు. వచ్చినవారికి ఏం వచ్చిందో తెలుసుకోవడానికి అమెరికా సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ 2006లో ఆర్‌టీఐ ఇంటర్నేషనల్ అనే సంస్థ చేత ఒక మౌఖిక పరీక్షను తయారుచేయించింది. దాన్ని విద్యారంగంలో ‘ఎగ్రా’ అని వ్యవహరిస్తారు. రెండు, మూడు తరగతుల పిల్లలను ఒక్కొక్కరినే ఎదురుగా కూర్చోబెట్టుకుని అక్షరాలు, మాటలు, చిన్న పేరా చదివించినప్పుడు, చాలా దేశాల్లో పెద్ద సంఖ్యలో పిల్లలు ఒక్క మాట కూడా చదవలేకపోయారు. 2011లో యూఎస్‌ఎయిడ్ తన విద్యా విధానాన్ని మార్చుకుని, 10 కోట్ల మంది ప్రాథమిక తరగతుల పిల్లల పఠన సామర్థ్యాన్ని పెంచడాన్ని మొదటి లక్ష్యంగా ప్రకటించడానికి వెనుక ఉన్నది ఈ ఫలితాలే.

డబ్బు ఏ రూపంలో చేరుతుందన్న మీ రెండో ప్రశ్నకు కెన్యా అనుభవం అన్నిటికంటే స్పష్టమైన జవాబు. అక్కడ 2011 నుంచి 2014 వరకు కొన్ని వందల బడుల్లో పరీక్షించి చూసిన పద్ధతిని 2015 నుంచి ‘తుసోమే’, అంటే ‘చదువుదాం’ అనే పేరుతో దేశమంతటా అమలు చేశారు. అమెరికా, బ్రిటన్‌ల డబ్బు, ఆర్‌టీఐ నిర్వహణ, కెన్యా విద్యాశాఖ యంత్రాంగం కలిసి, సుమారు 23 వేల ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లోనూ, పేదల వాడల్లో తక్కువ ఫీజులతో నడిచే సుమారు 1,500 బడుల్లోనూ, మొదటి మూడు తరగతుల పిల్లలకు స్వాహిలీ, ఇంగ్లీషు చదవడం నేర్పించాయి. తరగతిలోకి వచ్చినవి ముఖ్యంగా మూడు: పిల్లవాడికొక పుస్తకం, టీచరుకు రోజువారీ పాఠం విడమరిచి చెప్పే చేతిపుస్తకం, అప్పుడప్పుడు వచ్చి తరగతిలో వెనుక బల్ల మీద కూర్చునే ఒక మనిషి.

ఈ మూడూ అవసరమా అన్నది ఊహించి చెప్పలేదు, తేల్చుకున్నారు. ప్రయోగదశలో కొన్ని బడులకు టీచర్ల శిక్షణ, తరగతి సందర్శనలు మాత్రమే ఇచ్చారు. మరికొన్నింటికి వాటితోపాటు పిల్లలకు పుస్తకాలిచ్చారు. ఇంకొన్నింటికి ఆ రెండింటితోపాటు టీచరు చేతిపుస్తకం కూడా ఇచ్చారు. మూడూ అందిన బడుల్లోనే పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారు, ఖర్చు పెట్టిన ప్రతి షిల్లింగుకు వచ్చిన ఫలితమూ అక్కడే ఎక్కువ. చేతిపుస్తకం కాగితాల ఖర్చే గనుక దాన్ని చేర్చడానికి పట్టిన అదనపు సొమ్ము స్వల్పమని ఇక్కడ గమనించాలి. కిసుము ప్రాంతంలో మరో పరీక్ష చేశారు: కొన్నిచోట్ల సందర్శనకు వచ్చే అధికారికి ట్యాబ్ ఇచ్చారు, కొన్నిచోట్ల టీచర్లకు, కొన్నిచోట్ల పిల్లలకే చదువుకునే పరికరాలిచ్చారు. పరికరాలు పిల్లల చేతికి చేరినంత మాత్రాన చదువు పెద్దగా పెరగలేదు. పెట్టిన ఖర్చుకు తగిన ఫలితం వచ్చింది అధికారికి ట్యాబ్ ఇచ్చినచోటనే. పిల్లలకు ట్యాబ్‌లు పంచి ఫొటోలు దిగే మన అలవాటు ఈ సందర్భంలో గుర్తుకు రాకమానదు.

ఆ అధికారి చేసే పని కొంచెం వివరంగా చెప్పాలి. ఆయన కెన్యా ప్రభుత్వ ఉద్యోగి, పూర్వం ఉపాధ్యాయుడు. మన దగ్గర స్కూల్ కాంప్లెక్స్, అంటే చుట్టుపక్కల బడుల సముదాయం, స్థాయిలో పనిచేసే రిసోర్సు పర్సన్ లాంటి వ్యక్తి అనుకోవచ్చు. అరగంట పాఠం సాగుతున్నంతసేపు వెనుక కూర్చుని, టీచరు ముందు తాను చదివి వినిపించారా, తర్వాత పిల్లలతో కలిసి చదివారా, ఆ తర్వాత వాళ్లనే చదవనిచ్చారా అన్నది ట్యాబ్‌లో నమోదు చేసుకుంటారు. పాఠం అయ్యాక ముగ్గురు పిల్లలను ఎంపిక చేసి, పక్కకు పిలిచి పేరా చదివిస్తారు. చివరికి టీచరుతో కూర్చుని, పలానా చోట పిల్లలు తడబడ్డారని, రేపటి పాఠంలో పలానాది చేయమని చెబుతారు. బడి ఆవరణలోనే ఉండి పనిచేశారని ట్యాబ్‌లోని జీపీఎస్ చూపేది, ప్రయాణపు ఖర్చులు ఆ నమోదును బట్టే వచ్చేవి. విదేశీ డబ్బు ఆయనకు ట్యాబ్ కొనిచ్చింది, బండికి పెట్రోలు పోయించింది; జీతం మాత్రం మొదటినుంచీ కెన్యా ప్రభుత్వానిదే. ఇది చిన్న విషయంలా కనిపించినా, ఆ కార్యక్రమం మొత్తంలో ఇంతకంటే తెలివైన ఏర్పాటు లేదని నా అభిప్రాయం. పిల్లల చదువు మెరుగైందని బయటి సంస్థ చేసిన మదింపులోనూ తేలింది. దేశం పెట్టుకున్న ప్రమాణాన్ని అందుకోలేని పిల్లలు అప్పటికీ చాలామందే మిగిలారన్నది కూడా చెప్పుకోవలసిన మాటే.

ప్రశ్న: మా బాబు చదివే బడిలో గడియారం దగ్గర పెట్టుకుని నిమిషానికి ఎన్ని మాటలు చదివాడో లెక్కపెట్టారు. తొందరగా చదివితే అర్థమైనట్లేనా? విదేశీ నిపుణులు వాళ్ల భాషలకు కట్టిన లెక్క మన తెలుగుకు పనికొస్తుందా?
– ఒక గృహిణి, గుంటూరు

జవాబు: తొందరగా చదివితే అర్థమైనట్లు కాదు, కాని మరీ కూడబలుక్కుని చదివే పిల్లవాడికి అర్థం కావడం కష్టం. ఒక్కొక్క అక్షరాన్నీ పట్టిపట్టి పలుకుతూ వాక్యం చివరికి చేరేసరికి మొదట ఏం చదివాడో వాడికి గుర్తుండదు. మనసు కొద్ది క్షణాల పాటే కొద్ది విషయాలను పట్టి ఉంచగలదు గనుక, ఆ వ్యవధిలో వాక్యం పూర్తికావాలి. ప్రపంచ బ్యాంకులో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త హెలెన్ అబాద్జీ ఆ వ్యవధిని సుమారు 12 సెకన్లుగా లెక్కగట్టి, నిమిషానికి 45 నుంచి 60 మాటలు చదవగలిగితే తప్ప చదివింది తలకెక్కదని వాదించారు. నిమిషపు పరీక్ష వెనుక ఉన్న ఆలోచన ఇదే. పేరా తర్వాత దాని మీద ప్రశ్నలు కూడా అడుగుతారు, వాటిని వదిలేసి వేగాన్ని మాత్రమే చూసేవారు పరీక్షను సగమే చేసినట్లు.

తెలుగు విషయంలో మీ అనుమానం సరైనదే. ‘వెళ్లిపోతున్నాడు’ అన్నది మనకు ఒకటే మాట, ఇంగ్లీషు పిల్లవాడికి అదే భావానికి మూడు నాలుగు మాటలవుతాయి. స్వాహిలీ కూడా మనలాగే ఒక మాటలో ఎన్నో ప్రత్యయాలను ఇమిడ్చే భాష కాబట్టి, కెన్యా వాళ్లు ధారాళంగా చదవడానికి ఇంగ్లీషులో నిమిషానికి 65 మాటలని, స్వాహిలీలో 45 మాటలని రెండు వేర్వేరు ప్రమాణాలు పెట్టుకున్నారు. ఒకే పిల్లవాడికి రెండు భాషల్లో రెండు కొలతలన్నమాట. మన లిపిలో మరొక చిక్కుంది. ఇంగ్లీషు పిల్లవాడు 26 అక్షరాలతో గట్టెక్కితే, తెలుగు పిల్లవాడు అచ్చులు, హల్లులు దాటి గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాక్షరాలు కలిపి కొన్ని వందల రూపాలను గుర్తుపట్టాలి. మన లిపికి దగ్గరి చుట్టమైన కన్నడంలో సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన, అక్షర పరిచయం మొదటి ఏడాదితో ముగిసిపోదని, పై తరగతుల్లోనూ కొనసాగుతూనే ఉంటుందని చూపింది. రెండో తరగతి తెలుగు పిల్లవాడు ‘ఉష్ణోగ్రత’ దగ్గర ఆగిపోతే వాడు మందకొడి అని అనుకోనక్కరలేదు.

మన దేశంలో 2005 నుంచి ప్రథమ్ సంస్థ నిర్వహిస్తున్న ‘అసర్’ సర్వేలో గడియారం పెట్టరు; అక్షరం, పదం, చిన్న పేరా, కథ అన్న మెట్లలో పిల్లవాడు ఏ మెట్టు మీద ఉన్నాడో చూస్తారు. ఆ సర్వే ప్రకారం 2024లో గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతం. మీ బాబు వేగం గురించి బెంగ పెట్టుకోకండి. చదివిన పేరాలో ఏముందో వాడి మాటల్లో చెప్పించుకోండి. గడియారం లెక్క వ్యవస్థ పనితీరు చూడటానికి ఉద్దేశించింది, పిల్లలకు ర్యాంకులు ఇవ్వడానికి కాదు.

ప్రశ్న: బ్రిటిష్ సాయంతో వచ్చిన ఏపీపెప్ రోజుల్లో నేను ఉపాధ్యాయుణ్ణి. పిల్లలను గుంపులుగా కూర్చోబెట్టాం, గది అడ్డంగా దారాలు కట్టి వాళ్లు వేసిన బొమ్మలు వేలాడదీశాం, గింజలతో, పుల్లలతో పాఠాలు చెప్పాం. ప్రాజెక్టు ముగిశాక దారాలు మిగిలాయి గాని బొమ్మలు మారలేదు. అప్పుడు నిలబడనిది కెన్యాలో ఎలా నిలబడింది? మన దగ్గర ఆ డబ్బు వృథా అయినట్లేనా?
– ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయులు, విజయనగరం జిల్లా

జవాబు: వృథా అనడం అన్యాయమవుతుంది మాస్టారూ. ఏపీపెప్, అంటే ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, బ్రిటన్ విదేశీ అభివృద్ధి శాఖ సాయంతో 1984లో ప్రయోగాత్మకంగా మొదలై, 1989 నుంచి రాష్ట్రమంతటికీ విస్తరించి, 1996లో ముగిసింది. పనిచేస్తూ నేర్చుకోవడం, వ్యక్తిగత, జట్టు, పూర్తి తరగతి పనులను కలిపి నడపడం, పిల్లల మధ్య తేడాలను గమనించడం, చుట్టూ ఉన్న పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనిని ప్రదర్శించి తరగతిని ఆకర్షణీయంగా ఉంచడం వంటి ఆరు సూత్రాలు దానికి ప్రాతిపదిక. చుట్టుపక్కల బడుల టీచర్లు ఒకచోట కలిసి పాఠాల గురించి మాట్లాడుకునే ఉపాధ్యాయ కేంద్రాలు మనకు అలవాటైంది ఆ పథకంతోనే. మీరు నేడు కాంప్లెక్స్ సమావేశం అంటున్న దానికి పూర్వరూపం అదే.

దాని బలహీనత ఎక్కడుందో మీ ఉత్తరమే చెబుతోంది. ఆ పథకం టీచరుకు సూత్రాలిచ్చింది, రేపు ఉదయం చెప్పవలసిన పాఠం ఇవ్వలేదు. ఒకే గదిలో రెండు మూడు తరగతులను కూర్చోబెట్టుకున్న టీచరు ప్రతిరోజూ తనంతట తాను కృత్యాలు తయారుచేసుకోవాలంటే ఉత్సాహం ఉన్నవారు కొంతకాలం చేస్తారు, మిగిలినవారు చూడటానికి వచ్చేవారికి కనబడేవాటిని, అంటే దారాలను, గుంపులను మాత్రం ఉంచుతారు. పైగా పిల్లలకు చదవడం వచ్చిందా లేదా అని ఒక్కొక్కరిని కూర్చోబెట్టి చూసే అలవాటు అప్పటికింకా ప్రపంచంలోనే సరిగా లేదు. తుసోమే దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో నడిచింది: సూత్రాలు తక్కువ, రోజువారీ పాఠం ఎక్కువ. చేతిపుస్తకంలో ఉన్నది ఉన్నట్లు చెప్పమంటే టీచరును రాతప్రతి చదివేవారిగా మార్చినట్లే కదా అని అభ్యంతరపెట్టేవారున్నారు, ఆ అభ్యంతరం తోసివేయదగింది కాదు. కాని మొదటి ఏడాది టీచరుకు చేతిలో ఏమీ లేకపోవడం కంటే ఏదో ఒకటి ఉండటం నయమని, అనుభవం వచ్చాక పుస్తకాన్ని పక్కన పెట్టే స్వేచ్ఛ ఉండాలని నా ఉద్దేశం.

ఏపీపెప్ ముగిసిన ఏడాదే డీపీఈపీ, అంటే జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం, వచ్చింది. మొదటి విడతలో మీ విజయనగరంతోపాటు నెల్లూరు, కర్నూలు, కరీంనగర్, వరంగల్ జిల్లాలు బ్రిటిష్ సాయంతోనూ, తర్వాతి విడతలో మరో 14 జిల్లాలు ప్రపంచ బ్యాంకు అప్పుతోనూ అందులోకి వచ్చాయి. మండల వనరుల కేంద్రాలు ఆనాటివే. 2022 ఆగస్టు 15న తెలంగాణ ప్రభుత్వం ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు నేర్పే ‘తొలిమెట్టు’ కార్యక్రమాన్ని తన సొంతంగా మొదలుపెట్టినప్పుడు మండల స్థాయి రిసోర్సు పర్సన్లు, కాంప్లెక్స్ సమావేశాలు ముందే ఉన్నాయంటే, ఆ వ్యవస్థకు పునాది వేసినవారిలో మీ తరం కూడా ఉంది.

ప్రశ్న: డాలస్‌లో స్థిరపడిన మేము కొందరం కలిసి, మేము చదువుకున్న ఊరి బడికి బొమ్మల కథల పుస్తకాలు పంపాలనుకుంటున్నాం. నిరుడు ఒక ఊరికి పంపినవి బీరువాలో పెట్టి తాళం వేశారని తెలిసి మనసు నొచ్చుకుంది. పుస్తకాలిస్తే పిల్లలు చదవరా?
– ఒక ప్రవాసాంధ్రుడు

జవాబు: తాళం వేసిన హెడ్మాస్టరును నిందించే ముందు, పుస్తకం ఒకటి పోతే స్టాకు రిజిస్టరు చూపించి సంజాయిషీ అడిగేది ఆయననేనని గుర్తుంచుకోండి. చినిగిన పుస్తకాన్ని, పోయిన పుస్తకాన్ని రిజిస్టరులోంచి కొట్టివేయవచ్చని, అందుకు ఎవరూ ఏమీ అనరని రాతపూర్వకంగా చెప్పించగలిగితే సగం తాళాలు ఊడిపోతాయి.

అయినా తాళం తీసినంత మాత్రాన చదువు రాదనడానికి గట్టి ఆధారాలున్నాయి. 1990ల్లో కెన్యాలోని బుసియా ప్రాంతంలో ఐసీఎస్ అనే డచ్చి స్వచ్ఛంద సంస్థ బడులకు పాఠ్యపుస్తకాలు పంచింది. ఎవరికి అందాయి, ఎవరికి అందలేదన్నది చీటీలు వేసినట్లు యాదృచ్ఛికంగా నిర్ణయించి, తర్వాత ఫలితాలను పోల్చి చూశారు. తరగతి సగటు మార్కులు పెరగలేదు. అంతకుముందే బాగా చదివే పిల్లలు మాత్రం లాభపడ్డారు. కారణం వెతికితే, పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి. అక్కడి చాలామంది పిల్లలకు ఇంగ్లీషు ఇంటి భాష కాదు, బజారు భాష కూడా కాదు, మూడో భాష. చాలామందికి ఆ పుస్తకం చదవనే రాలేదు. ఆ పరిశోధన చేసినవారిలో ఒకరైన మైకేల్ క్రీమర్, అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలతో కలిసి 2019లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్నారు. మన పక్కనే కర్ణాటకలో అక్షర ఫౌండేషన్ నడిపిన బడి గ్రంథాలయాలను ఇలాగే పరీక్షించినప్పుడు, గ్రంథాలయం ఉన్న బడుల పిల్లల భాషా సామర్థ్యం లేని బడుల పిల్లలకంటే పెరిగినట్లు కనిపించలేదు.

దీనికి ఎదురుగా ఫిలిప్పీన్స్‌లోని తార్లాక్ రాష్ట్రంలో జరిగింది చూడండి. నాలుగో తరగతి గదులకు వయసుకు తగిన కథల పుస్తకాలిచ్చి, వాటిని ఎలా వాడాలో టీచర్లకు కొద్దిపాటి శిక్షణనిచ్చి, 31 రోజుల పాటు పఠనోత్సవం లాంటిది నడిపారు. రోజూ గంటసేపు చదవడం, చదివిన దాని మీద ఆటలు ఆడించడం, ఎవరు ఎన్ని చదివారో గోడ మీద రాసుకోవడం జరిగేవి. పిల్లల పఠన సామర్థ్యం కొలవదగినంతగా పెరిగింది. ఆ నెల ముగిశాక ఆ లాభంలో కొంత తరిగింది, కొంత మిగిలింది. అంటే పుస్తకాలు, వాటికి కేటాయించిన గంట, ఆ గంటను నడిపించే టీచరు కలిసి వెళ్లాలి. మీరు పంపే సొమ్ములో సగం పుస్తకాలకు, మిగిలిన సగం ఆ గంట నడవడానికి పెట్టండి. పుస్తకాలు కూడా ఒకటో తరగతి పిల్లలు చదవగలిగేలా ఒత్తులు లేని పదాలతో మొదలయ్యేవి ఎంచుకోండి. అట్టలు మెరిసే పెద్ద కథలు పంపితే బుసియా పిల్లల పరిస్థితే అవుతుంది.

మరొక ముఖ్యమైన విషయం. మీలో భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. దాన్ని తీసుకునే ఇక్కడి సంస్థకు విదేశీ విరాళాలను నియంత్రించే 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం కింద నమోదు గాని, ముందస్తు అనుమతి గాని ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే జమ కావాలి, అందుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు మళ్లించడానికి వీల్లేదు. పెద్ద సంస్థకు పంపితే ఊళ్లోని చిన్న సంఘానికి అది చేరవేస్తుందన్న పాత పద్ధతి ఇప్పుడు చెల్లదు. పంపే ముందు ఈ సంగతి తేల్చుకోండి.

ప్రశ్న: ఆంధ్రప్రదేశ్ బడులకు ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్లు ‘సాయం’ చేసిందంటారు. అది తిరిగి కట్టనక్కరలేని డబ్బేనా?
– డిగ్రీ విద్యార్థి, తిరుపతి

జవాబు: కాదు, అది అప్పు. ‘సాల్ట్’ అనే పథకానికి 2021 నవంబరులో ప్రపంచ బ్యాంకు ఆమోదించిన ఆ రుణంలో, ముందుగా ఒప్పుకున్న ఫలితాలు సాధించిన కొద్దీ డబ్బు విడుదలయ్యే పద్ధతి ఉంది. నిజమైన ఉచిత సాయం మన దేశానికి ఎప్పుడో తగ్గిపోయింది. 2003లో భారత ప్రభుత్వమే కొద్ది దేశాల నుంచి తప్ప ద్వైపాక్షిక సాయం తీసుకోబోమని నిర్ణయించుకుంది. బ్రిటన్ తన సంప్రదాయ ఆర్థిక సాయాన్ని 2015తో ముగించింది. ఇప్పుడు మన దగ్గరి నుంచే పద్ధతులు బయటికి వెళ్తున్నాయి. 1995లో ముంబయి మురికివాడల్లో మొదలైన ప్రథమ్, తరగతిని బట్టి కాక పిల్లవాడి స్థాయిని బట్టి జట్లు చేసి నేర్పే విధానాన్ని రూపొందించింది. దాన్నే జాంబియా ప్రభుత్వం ‘క్యాచప్’ పేరుతో తన బడుల్లో అమలు చేస్తోంది. పద్ధతి మనది, అక్కడ దాని విస్తరణకు చేరిన డబ్బులో అమెరికాది కూడా ఉంది.

ప్రశ్న: ఆదిలాబాద్ ప్రాంతంలో గోండు పిల్లలకు చదవడం నేర్పే చిన్న సంస్థలో పనిచేస్తున్నాను. నిధులు తగ్గాయి. ముఖ్యమైనవి ఉంచి మిగతావి తీసేసి తక్కువ ఖర్చుతో నడపమంటున్నారు. అలా నడుస్తుందా?
– స్వచ్ఛంద కార్యకర్త

జవాబు: ఏది ముఖ్యమో ముందే తెలిస్తే నడుస్తుంది, చిక్కంతా అది ముందుగా తెలియకపోవడంలోనే ఉంది. ఉగాండా ఉత్తర భాగంలో లాంగో భాష మాట్లాడే పిల్లలకు మ్యాంగో ట్రీ అనే సంస్థ వాళ్ల మాతృభాషలోనే చదవడం, రాయడం నేర్పింది. పూర్తి ఖర్చుతో నడిచిన బడుల్లో, మామూలుగా ఇలాంటి కార్యక్రమాల్లో కనిపించనంత పెద్ద మెరుగుదల కనిపించింది. అదే కార్యక్రమాన్ని చౌకగా, సంస్థ సిబ్బందికి బదులు ప్రభుత్వ శిక్షకుల ద్వారా, పలకల వంటివి కొన్ని తగ్గించి నడిపిన బడుల్లో పిల్లలు అక్షరాలు గుర్తుపట్టడం మాత్రం మెరుగైంది. రాయడంలో కొన్ని అంశాల్లో, అసలు కార్యక్రమమే లేని బడుల కంటే వెనకబడ్డారు. బయటివాళ్లకు కనబడే మొదటి మెట్టు మీద శ్రద్ధ పెట్టి మిగతాది వదిలేస్తే జరిగేది ఇదేనని పరిశోధకులు అనుమానించారు. అక్షరాల పరీక్ష ఒక్కటే పెట్టి ఉంటే ఆ చౌక కార్యక్రమం విజయవంతమైనట్లే నివేదికలకెక్కేది.

కెన్యాలోనూ ఇలాంటిదే మరొకటి జరిగింది. కాంట్రాక్టు టీచర్లను నియమించే పథకాన్ని ఒకచోట స్వచ్ఛంద సంస్థ, మరొకచోట ప్రభుత్వం అమలు చేయగా, సంస్థ నడిపినచోట పిల్లలు నేర్చుకున్నారు, ప్రభుత్వం నడిపినచోట తేడా రాలేదు. కాబట్టి ఖర్చు తగ్గించక తప్పనప్పుడు వస్తువులను ఒక్కొక్కటే తీసి, తీసిన ప్రతిసారీ కొద్దిమంది పిల్లల చేత చదివించి, రాయించి కూడా చూడండి. మాతృభాషను మాత్రం తీసేయవద్దు. 2004లో ఉమ్మడి రాష్ట్రం గోండి, కొలామి, కోయ, సవర సహా ఎనిమిది భాషల్లో మొదలుపెట్టిన బహుభాషా విద్యలో గోండి వాచకాలు తయారయ్యాయి. అవి మీ మండలంలో ఎక్కడో ఒక గదిలో ఉండే ఉంటాయి, ముందు వాటిని వెతికించండి.

ప్రశ్న: నేను సీఆర్పీని, అంటే కొన్ని బడులకు కలిపి ఉండే క్లస్టర్ రిసోర్సు పర్సన్‌ని. బడులు చూడటమే నా పని అంటారు గాని, రోజంతా యాప్‌లో లెక్కలు నింపడంతోనే సరిపోతోంది. విదేశీ సంస్థలు వెళ్లిపోతే ఈ సందర్శనలు ఎవరు చేస్తారు? వాట్సాప్‌లో, వీడియో కాల్‌లో టీచర్లకు సలహాలిస్తే సరిపోదా?
– కర్నూలు జిల్లా

జవాబు: విదేశీ సంస్థలు వెళ్లిపోవడం ఇప్పటికే జరుగుతోంది. 2025 జనవరి 20న అమెరికా తన విదేశీ సాయాన్ని నిలుపుదల చేసింది, మార్చిలో యూఎస్‌ఎయిడ్ కార్యక్రమాల్లో 83 శాతం రద్దు చేసినట్లు ప్రకటించింది, జూలై 1 నాటికి ఆ సంస్థే లేకుండా పోయింది. బ్రిటన్ తన జాతీయాదాయంలో విదేశీ సాయం వాటాను 2021లో 0.7 నుంచి 0.5 శాతానికి తగ్గించి, 2027కల్లా 0.3కు దించుతామని చెప్పింది. ఇలాంటప్పుడు ముందుగా ఆగేవి పుస్తకాల పునర్ముద్రణ, ప్రయాణపు ఖర్చులు, పిల్లల చదువును బయటినుంచి కొలిచే సర్వేలు. ప్రభుత్వ జీతం మీద ఉన్న సందర్శకుడు మాత్రం ఉంటాడు. పెట్రోలు డబ్బులు రానప్పుడు ఆయన దగ్గరున్న బడులకే వెళ్తాడు, దూరపు బడులు మానేస్తాడు. దెబ్బ తగిలేది అక్కడ.

ఫోను సలహాల సంగతి దక్షిణాఫ్రికా ప్రాథమిక విద్యాశాఖ పరీక్షించి చూసింది. మొదట నార్త్ వెస్ట్ ప్రావిన్సులో, త్స్వానా భాషలో చదివే బడులను మూడు రకాలుగా విభజించారు: కొన్ని బడుల టీచర్లను ఒకచోటికి పిలిచి శిక్షణనిచ్చారు, కొన్ని బడులకు శిక్షకుడినే తరగతికి పంపారు, కొన్నింటిలో తల్లిదండ్రులతో సమావేశాలు జరిపారు. శిక్షకుడు తరగతికి వెళ్లినచోట పిల్లల్లో కనిపించిన మెరుగుదల, టీచర్లను పిలిపించి శిక్షణనిచ్చినచోట కంటే సుమారు రెట్టింపు. ఆ తర్వాత ఎంపుమలాంగా ప్రావిన్సులో శిక్షకుడు కొన్ని బడులకు స్వయంగా వెళ్లగా, మరికొన్నింటికి ట్యాబ్‌లో పాఠాలు, ఫోనులో సలహాలు అందించారు. మూడేళ్ల తర్వాత చూస్తే ఫోను సలహాలు నేరుగా వెళ్లినంత ఫలితం ఇవ్వలేదు. ఫోనుకు తగ్గే ఖర్చు కూడా అనుకున్నంత గొప్పది కాదు, ట్యాబ్‌లకు, డేటాకు, సాంకేతిక సహాయానికి డబ్బు అక్కడా కావలసివచ్చింది.

యాప్ సమస్య మీ ఒక్కరిది కాదు, ఉద్యోగ సంఘాలు కూడా లేవనెత్తుతున్నదే. అధికారులకు మీరు ఇవ్వగల నిర్దిష్టమైన సూచన ఒకటుంది. యాప్‌లో బడి సందర్శన కింద మరుగుదొడ్లు, భోజనం, హాజరు లెక్కలకు ఎన్ని గడులున్నాయో, పిల్లవాడు చదివిన దాని మీద ఎన్ని గడులున్నాయో లెక్కవేసి, ఒకే పేజీలో రాసి ఎంఈఓ గారికి ఇవ్వండి. హాజరు, భోజనాల లెక్కలు బడి నుంచి వేరే దారిలోనూ పైకి వెళ్తూనే ఉంటాయి కాబట్టి, వాటిని మీ సందర్శన ఫారం నుంచి తీసేసి, ఆ అరగంటను తరగతిలో కూర్చోవడానికి కేటాయించమని కోరవచ్చు. అందుకు కొత్త పోస్టు గాని, కొత్త నిధులు గాని అడగనవసరం లేదు గనుక, కాదనడానికి పైవారికి కారణాలు తక్కువ.